నియర్ రెప్లికెంట్: కథకి దండం, ఆ తిరుగుడుకి రెండు దండాలు

ముందు పేరు సంగతి. ఈ గేమ్ పూర్తి పేరు నియర్ రెప్లికెంట్ వెర్షన్ 1.22474487139. ఆ అంకె ఒకటిన్నరకి వర్గమూలం. డైరెక్టర్ యోకో టారో సంగతి తెలిసినవాళ్లకి ఇది వింతేమీ కాదు. 2010లో జపాన్‌లో ఈ గేమ్ రెండు రకాలుగా వచ్చింది, పీఎస్3లో హీరో యోనా అనే జబ్బుపిల్లకి అన్న, ఎక్స్‌బాక్స్ 360లో తండ్రి. మిగతా దేశాలకి తండ్రి వెర్షనే ఇచ్చారు. ఆ అన్న వెర్షన్‌ని టాయ్‌లాజిక్ అనే స్టూడియో మళ్లీ తయారుచేస్తే, స్క్వేర్ ఎనిక్స్ 2021 ఏప్రిల్‌లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీల్లో విడుదల చేసింది. నేను చెప్పేది దీని గురించే.

మనలో చాలామంది 2017లో ఇదే సిరీస్‌లో వచ్చిన నియర్ ఆటోమాటా ఆడి, ఆ ఊపులో దీన్ని కొంటారు. అలా కొన్నవాళ్లలో సగం మంది మధ్యలోనే వదిలేస్తారని నా గట్టి అనుమానం, వాళ్లని తప్పుపట్టను కూడా.

కథ ఇలా మొదలవుతుంది. పాడుబడ్డ ఆధునిక నగరం, నడి వేసవిలో మంచు, ఒక సూపర్‌మార్కెట్‌లో చెల్లెల్ని కాపాడుకుంటున్న కుర్రాడు. అక్కడినుంచి ఒక్కసారిగా వెయ్యేళ్లకు పైగా ముందుకి దూకి ఒక చిన్న పల్లెలో పడతాం. అక్కడా అదే ముఖం ఉన్న అన్న, అదే పేరున్న చెల్లెలు. ఆ పిల్లకి బ్లాక్ స్క్రాల్ అనే జబ్బు, మందు లేదు, ఊరి బయట షేడ్స్ అనే నల్లటి నీడల్లాంటి జీవులు. అన్న వాటిని నరుక్కుంటూ, ఊళ్లోవాళ్ల చిల్లర పనులు చేసి డబ్బు తెస్తూ మందు వెతుకుతుంటాడు. అతనికి తోడు గ్రిమ్వార్ వైస్ అని ఒక మాట్లాడే పుస్తకం, పొగరు నెత్తికెక్కిన పెద్దమనిషి టైపు. తర్వాత కైనే వస్తుంది, నోరు తెరిస్తే బూతులు (ఇంట్లో పెద్దవాళ్లుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి). ఆ తర్వాత ఎమిల్, ఎవరిని చూస్తే వాళ్లు రాయైపోతారని కళ్లకి గంతలు కట్టుకుని బతికే పిల్లాడు. ఊరూరా వెలివేసినవాళ్లు ముగ్గురు ఒకచోట చేరితే ఎలా ఉంటుందో, ఆ దగ్గరితనాన్ని ఏడుపు సీన్లతో కాకుండా దారిలో నడుస్తూ వేసుకునే సెటైర్లతో చూపిస్తారు, నాకు ఈ గేమ్‌లో బాగా నచ్చింది అదే.

ఇక ఆడటం దగ్గరికి వద్దాం. కొట్లాట పర్వాలేదు, పాత వెర్షన్ కంటే చాలా చురుగ్గా ఉంది, కత్తులు తిప్పుతూ వైస్‌తో మ్యాజిక్ వేస్తుంటే చేతికి హాయిగానే ఉంటుంది. కానీ కాసేపయ్యాక అవే షేడ్స్, అవే బటన్లు. అసలు బాధ మాత్రం తిరగడం. పల్లె నుంచి సీఫ్రంట్ అనే సముద్రతీరపు ఊరికి, అక్కడినుంచి మళ్లీ పల్లెకి, పల్లె గ్రంథాలయం చూసుకునే పొపోలాతో రెండు ముక్కలు మాట్లాడి ఏరీ అనే ఇంకో ఊరికి, మళ్లీ పల్లెకి. సంతకం కోసం ఆఫీసు చుట్టూ తిప్పినట్టు తిప్పుతారు. మధ్యలో అదే పచ్చిక మైదానం, అవే గొర్రెలు. సైడ్ క్వెస్ట్‌లైతే (అసలు కథకి పక్కన ఇచ్చే చిల్లర పనులు) ఇంకా ఘోరం, పది ఇవి తే, ఐదు అవి తే. పగిలిపోయే సామాన్లు మోసే క్వెస్ట్‌లు కొన్నున్నాయి, దొర్లకూడదు, దెబ్బ తగలకూడదు, చివర్లో ఒక షేడ్ వచ్చి గీకిందంటే మళ్లీ మొదటినుంచి. తోటపని చేస్తే మొక్కలు నిజం గడియారం ప్రకారం గంటల తరబడి పెరుగుతాయి, జనం కన్సోల్‌లో టైమ్ ముందుకి జరిపి కోసుకుంటారు. ఇంత తిప్పుతున్నా వైస్ మాత్రం మన తరఫున గొణుగుతూనే ఉంటాడు, ఇలాంటి పనులు మనకెందుకయ్యా అని. తీసినవాళ్లకే తెలుసన్నమాట ఇది బోర్ అని! తెలిసీ పెట్టారు.

అలాగని సైడ్ క్వెస్ట్‌లన్నీ వదిలేయమని చెప్పలేను, వచ్చిన చిక్కల్లా అదే. సీఫ్రంట్‌లో లైట్‌హౌస్ దగ్గర ఒక ముసలావిడ ఉంటుంది, ఎప్పుడో వెళ్లిపోయిన ప్రియుడి ఉత్తరాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ, వచ్చినవాళ్లందరినీ తిడుతూ. మనం చేసేదల్లా ఉత్తరాలు మోయడమే. ఆటగా చూస్తే అందులో ఏమీ లేదు. కానీ ఆ ఉత్తరాల వెనక ఊరు దాచిన సంగతి తెలిశాక, ఆవిడకి నిజం చెప్పాలా వద్దా అని గేమ్ మనల్నే అడుగుతుంది, అక్కడ నేను కంట్రోలర్ పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాను. కాబట్టి మనుషుల గురించి ఉన్న క్వెస్ట్ అయితే చేయండి, సామాన్ల గురించి అయితే వదిలేయండి. దీన్ని ఆడటానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు.

మొదటి ఎండింగ్ వచ్చాక టైటిల్స్ పడతాయి, అయిపోయిందనుకుంటాం. కాలేదు. సేవ్ లోడ్ చేస్తే కథ మధ్యలో ఐదేళ్లు గడిచిన చోటునుంచి రెండో సగం మళ్లీ మొదలవుతుంది. ఇక్కడే చాలామంది ఛీ అని మూసేస్తారు. మూయకండి. కైనే చిన్నప్పటి కథ చదివిస్తారు, దాని తర్వాత షేడ్స్ మాట్లాడేది మనకి అర్థమవడం మొదలవుతుంది. జంక్ హీప్ అనే చోట ఒక పెద్ద రోబో బాస్ ఉంటుంది. మొదటిసారి దాన్ని కూల్చి దారిన పోతాం. రెండోసారి ఆ రోబో, దానితో ఉన్న చిన్న షేడ్ ఒకరితో ఒకరు ఏమనుకుంటున్నారో వినిపిస్తుంది. అదే గది, అదే బాస్. దారి తెలిసిందే కాబట్టి చేతులు వాటంతట అవి పనిచేస్తుంటాయి, చెవులు మాత్రం అక్కడే ఉంటాయి, కొట్టకుండా ముందుకెళ్లే దారి గేమ్ ఇవ్వదు. ఎడారి తోడేళ్ల దగ్గరా ఇంతే. ఈ రెండో రౌండ్‌ని విసుగు అనడం అన్యాయం. ఒకే పనిని రెండుసార్లు చేయిస్తేనే చెప్పగలిగే కథ ఇది, సినిమాగానో నవలగానో తీస్తే ఈ దెబ్బ తగలదు. పైగా మన లెవెల్, ఆయుధాలు అలాగే ఉంటాయి కాబట్టి మొదటిసారి పట్టిన టైమ్‌లో కొంతే పడుతుంది.

మూడో రౌండ్‌కి మాత్రం ఈ మాట చెప్పలేను. మొదటి రౌండ్ చివర వచ్చేది ఏ ఎండింగ్, రెండోదాని చివర బీ. ఆ తర్వాతి సీ, డీ ఎండింగ్‌లు కావాలంటే గేమ్‌లో ఉన్న ఆయుధాలన్నీ మన దగ్గర ఉండాలి. కొన్ని షాపుల్లో కొనాలి, దానికి డబ్బు కూడబెట్టాలి, కొన్ని నేను వదిలేయమన్న ఆ సామాన్ల క్వెస్ట్‌ల వెనకే దాక్కుని ఉంటాయి. అవన్నీ పోగేసి అదే సగాన్ని మూడోసారి ఆడితే దారిలో కొత్తగా దొరికేది బహు తక్కువ, చివర్లో ఒక నిర్ణయం తప్ప. ఆ నిర్ణయం గొప్పదే, కాదనను. కానీ అక్కడికి చేర్చడానికి పెట్టిన ఈ రౌండ్‌కి కథతో ఏ సంబంధమూ లేదు. రెండో రౌండ్ ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, మూడోది గంటలు పెంచడానికే పెట్టారు. 2021లో మళ్లీ తయారుచేసేటప్పుడు దీన్ని సగానికి కోసేసి ఉండాల్సింది. కోయకపోగా 'ఈ' (E) అని ఇంకో ఎండింగ్ కలిపారు (అది మాత్రం నిజంగా బాగుంది, అందుకే ఇంకా కోపం).

పాటల గురించి కూడా చెప్పాలి. కేయిచి ఒకాబే సంగీతం, ఎమీ ఎవాన్స్ గొంతు, ఏ దేశానిదీ కాని కల్పిత భాషలో పాటలు. అంత తిరిగినా అలసట కొంతైనా తగ్గిందంటే దీనివల్లే. పల్లెలో ఫౌంటెన్ దగ్గర పొపోలా కవల దెవోలా పాడుతుంటే క్వెస్ట్ మర్చిపోయి నిలబడిపోతాం.

కొనేముందు కొన్ని మాటలు. పీసీ వెర్షన్ వచ్చిన కొత్తలో సెకనుకి 60 ఫ్రేమ్‌లు దాటితే గేమే స్పీడ్ అయిపోయేది, కాబట్టి 60 దగ్గర కట్టేసి ఆడండి. ఈజీ మోడ్‌లో ఆటో బ్యాటిల్ ఉంది (కొట్లాట గేమే చూసుకుంటుంది), రెండో రౌండ్ నుంచి సిగ్గుపడకుండా వాడండి. ఆయుధాల అప్‌గ్రేడ్ కోసం జంక్ హీప్‌లో మెమరీ అల్లాయ్ అనే లోహం ఏరుకుంటూ కూర్చోకండి, కథ పూర్తవడానికి దాని అవసరం లేదు, అంత తేలిగ్గా దొరకదు కూడా. పూర్తి ధర పెట్టి కొనమని చెప్పను, సేల్‌లో వస్తే తీసుకోండి, కథల పిచ్చి ఉంటేనే తీసుకోండి. బీ ఎండింగ్ దాకా ఆడండి, తర్వాత ఓపికుంటే అన్నీ, లేకపోతే మిగతావి యూట్యూబ్‌లో చూసుకున్నా పాపం లేదు. డీ దాకా వెళ్దామనుకుంటే మాత్రం హీరోకి మీకు బాగా ఇష్టమైన పేరు పెట్టకండి, ఆ ఎండింగ్ మీ సేవ్ ఫైల్స్ అన్నీ చెరిపేస్తుంది, కొత్తగా మొదలుపెట్టినా ఆ పేరు మళ్లీ పెట్టనివ్వదు.