యూనీ-టి 210ఈ క్లాంప్ మీటర్: రెండేళ్ళు ఇంట్లో వాడాక

అక్క వాళ్ళింట్లో కొత్తగా ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించిన దగ్గర్నుంచి పొద్దున పూట ఇల్లంతా కరెంటు పోవడం మొదలైంది. స్నానాల టైమ్‌లో టప్‌మని పడిపోయేది, పైకెత్తితే కాసేపు ఉండేది, మళ్ళీ పడేది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇది మరీ సెన్సిటివ్‌గా ఉంది సార్ తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం అన్నాడు, బావగారు కూడా సరే అనేశారు. ఒక్క రోజు ఆగండి బావా అని, వైర్ చుట్టూ నోరులా మూసుకుని అందులో వెళ్ళే కరెంటుని కొలిచే నా క్లాంప్ మీటర్ పట్టుకుని వెళ్ళా. ఆ రోజు అది చేసిన పని చూశాకే దీని గురించి రాయాలనిపించింది.

మీటర్ చిన్నది, చొక్కా జేబులో పట్టేస్తుంది. 2 ఆంప్స్, 20, 100 అని మూడు రేంజులు, ఏసీ డీసీ రెండూ చూపిస్తుంది, ట్రూ ఆర్‌ఎంఎస్, అంటే కరెంటు తరంగం సక్రమంగా లేకపోయినా సరైన అంకే చూపిస్తుంది. అసలు గొప్పతనం ఆ 2 ఆంప్స్ రేంజ్, అందులో ఒక్క మిల్లీ ఆంప్ తేడా కూడా కనపడుతుంది. ఇంతకుముందు నా దగ్గరున్న చౌక మీటర్‌లో చిన్న లోడ్ పెడితే ఏ అంకే వచ్చేది కాదు, వైర్‌ని పది చుట్లు చుట్టి వచ్చిన అంకెని పదితో భాగించుకోవాల్సి వచ్చేది.

కొత్తగా కొన్న ప్రతివాళ్ళూ ముందు చేసేది ఫ్రిజ్ వైర్‌ని మొత్తంగా మీటర్ నోట్లో పెట్టి సున్నా వస్తోందేంటి, మీటర్ పాడైందా అనుకోవడం. ఫేజులో వెళ్ళిన కరెంటే న్యూట్రల్‌లో తిరిగొస్తుంది కదా, రెండూ ఒకేసారి లోపలుంటే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. అందుకని ఫేజు వైర్ ఒక్కటే నోట్లో ఉండాలి, నోరు పూర్తిగా మూసుకోవాలి. అలాగని బ్లేడుతో ఫ్రిజ్ వైర్ పైతొడుగు చీల్చకండి దయచేసి, అలా చేసిన వాళ్ళని చూశాను. నేనేం చేశానంటే 16 ఆంప్స్ ప్లగ్ ఒకటి, సాకెట్ డబ్బా ఒకటి తెచ్చి మధ్యలో అడుగు పొడవున 2.5 స్క్వేర్ ఎంఎం వైర్లు మూడు, ఎరుపు నలుపు ఆకుపచ్చ, విడివిడిగా వదిలేసి బిగించా. ఎక్కడా రాగి బయటికి కనపడదు. కొలవడానికి మాత్రమే, పనవ్వగానే అలమారలోకి. స్విచ్ ఆపి ప్లగ్ పెట్టి, వైర్‌ని నోట్లో సర్ది, అప్పుడు స్విచ్ వేస్తా. చేతులు పొడిగా, కాళ్ళకి చెప్పులు, వేళ్ళు మీటర్ మీదున్న గట్టు దాటి పైకి వెళ్ళవు.

మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె 4.3 ఆంప్స్, 2000 వాట్స్ గీజర్ 8.6. ఇన్వర్టర్ ఏసీ వేయగానే 7 దాకా వెళ్ళి గది చల్లబడ్డాక 2కి దిగిపోతుంది, అది చూస్తుంటే భలే ఉంటుంది. ఫ్రిజ్ 0.8 అంది, దాన్ని 230తో గుణించి వాట్స్ అనుకోకండి, కంప్రెసర్‌కి పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) తక్కువ, బిల్లులో పడేది అంతకంటే తక్కువే.

ఇప్పుడు అక్క వాళ్ళిల్లు. లీకేజీ చూడాలంటే పద్ధతి తిరగబడుతుంది, ఫేజు న్యూట్రల్ రెండూ కలిపి నోట్లో పెట్టాలి, ఆకుపచ్చ వైర్ బయట ఉండాలి. వెళ్ళిందంతా తిరిగొస్తే సున్నా, కొంచెం ఎర్త్‌లోకి జారిపోతుంటే ఆ జారిపోయినంతా అంకెలో కనపడుతుంది. వాషింగ్ మెషిన్ 0.003 ఆంప్స్, అంటే 3 మిల్లీ ఆంప్స్, ఫ్రిజ్ 0.002, అవి మామూలే. గీజర్ పెట్టాం, 0.011 అంది, అంటే 11 మిల్లీ ఆంప్స్, నీళ్ళు వేడెక్కే కొద్దీ 14, 17, 19... అక్క పక్కనే నిలబడి అంకెలు పైకి చదువుతోంది. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, 30కి పడి తీరాలి. అంటే గీజర్ సగం పైన తినేస్తోంది, దానికి మిగతావి తోడైతే పడిపోతోంది. ఆర్‌సీసీబీ తన పని తాను సరిగ్గా చేస్తోంది, పిల్లలు స్నానం చేసే గీజర్‌లో హీటింగ్ ఎలిమెంట్ పోతోందని అదే చెప్తోంది, దాన్నే పీకేద్దామనుకున్నారు. తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఎలిమెంట్ మార్పించాక అదే గీజర్ 0.001, అంతే, మళ్ళీ కరెంటు పోలేదు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. నోరు 17 ఎంఎం మాత్రమే, లావు కేబుళ్ళు పట్టవు. డీసీలో ప్రతిసారీ ముందు జీరో బటన్ నొక్కాలి, మీటర్‌ని అటూ ఇటూ తిప్పితే అంకె మారిపోతుంది, నొక్కాక అదే దిశలో పట్టుకుని కొలవాలి. ఇన్వర్టర్ బ్యాటరీకి ఎంత ఛార్జింగ్ వెళ్తోందో అలాగే చూస్తా. వైర్ ముట్టుకోకుండా కరెంటుందో లేదో చెప్పే బీప్ కూడా ఉంది కానీ అది మోగలేదు కదా అని మాత్రం వైర్ మీద చెయ్యి వేయకండి. దీని భద్రతా రేటింగ్ క్యాట్ 3 (ఇంటి లోపలి వైరింగ్ స్థాయి) లో 300 వోల్ట్స్ వరకే, ఇంట్లో 230కి చాలు, స్తంభం నుంచి మీటర్‌కి వచ్చే సర్వీస్ వైర్ జోలికి మాత్రం దీంతో వెళ్ళను.

మోటార్, గీజర్ లాంటి పెద్ద లోడ్లే చూసుకునేవాళ్ళకి మామూలు ఏసీ క్లాంప్ సరిపోతుంది. లీకేజీ పట్టుకోవాలంటే మాత్రం ఈ మిల్లీ ఆంప్ రేంజ్ ఉన్నదే తీసుకోండి. నేను చేసిన ఆ మూడు వైర్ల డబ్బా అక్కే ఉంచేసుకుంది, ఈ ఆదివారం ఇంకోటి బిగించుకోవాలి.