ర్యామ్ పెంచితే చాలదు, జింబ్రాకు చెప్పాలి కూడా

మా ఆఫీసు జింబ్రా మెయిల్ సర్వర్‌ను కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మెయిల్‌బాక్సులు, డేటాబేస్, ఎల్‌డాప్ (యూజర్ ఖాతాల వివరాలు దాచే డైరెక్టరీ), వైరస్ స్కానర్ అన్నీ ఒకే మెషిన్ మీద నడుస్తాయి. ఈ మధ్య దాని ర్యామ్‌ను 16 జీబీ నుంచి 32 జీబీకి పెంచాం. జింబ్రా గురించి చెప్పాలంటే చాలా ఉంది కానీ, ఇక్కడ ఒక్క విషయమే చూస్తాను: కొత్తగా వచ్చిన మెమరీని అది ఎలా వాడుకుంటుంది?

తనంతట తాను వాడుకోదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెషిన్‌లో ఎంత ర్యామ్ ఉందో చూసి, జావా హీప్‌కు (మెయిల్‌బాక్స్ ప్రోగ్రామ్ పని చేసుకునే మెమరీ) ఇంత, డేటాబేస్ బఫర్ పూల్‌కు (డేటాబేస్ తన సమాచారాన్ని అందుబాటులో ఉంచుకునే మెమరీ) ఇంత అని లెక్కకట్టి రాసిపెడుతుంది. తర్వాత మీరు ర్యామ్ రెట్టింపు చేసినా ఆ అంకెలు మారవు. కొత్త ర్యామ్‌లో కొంత ఫైల్ క్యాష్ (డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను మెమరీలో ఉంచుకోవడం) కింద లైనక్స్ వాడుకుంటుంది కాబట్టి సర్వర్ కాస్త చురుగ్గా అనిపిస్తుంది. దాంతో పని అయిపోయిందని చాలామంది అక్కడితో వదిలేస్తారు.

మార్చాల్సిన అంకెలు ముఖ్యంగా రెండు, ఉండేది రెండు వేర్వేరు చోట్ల. జావా హీప్ లోకల్ కాన్ఫిగ్ అనే జింబ్రా సొంత సెట్టింగుల్లో ఉంటుంది, కమాండ్ లైన్ నుంచి ఎంబీల్లో ఇవ్వాలి. బఫర్ పూల్ సైజు డేటాబేస్ సెట్టింగుల ఫైల్‌లో ఉంటుంది, దాన్ని చేత్తో ఎడిట్ చేయాలి. ఇన్‌స్టాలర్ అక్కడ బైట్లలో రాస్తుంది కాబట్టి తెరవగానే పొడవాటి అంకె కనబడుతుంది. 8 జీబీ కావాలంటే 8589934592. కంగారు పడక్కర్లేదు, 8 పక్కన జీ (G) అక్షరం పెట్టినా డేటాబేస్‌కు అర్థమవుతుంది. అడ్మిన్ కన్సోల్‌లో ఇన్ని పేజీలు పెట్టినవాళ్లు ఈ రెండింటికీ ఒక పేజీ పెట్టి ఉంటే బాగుండేది. చివర్లో నేనిచ్చిన రేటింగ్‌లో మార్కులు ఎక్కువగా తగ్గింది ఇక్కడే.

ఇక ఎవరికి ఎంత ఇవ్వాలి? అసలు పని ఇదే. కొత్త ర్యామ్ కనబడగానే చేయి ముందు జావా హీప్ మీదకే వెళ్తుంది. వద్దు. జింబ్రా హీప్‌కు కనీస సైజు, గరిష్ఠ సైజు ఒకటే ఇచ్చి మొదలుపెడుతుంది, అంటే మీరు ఇచ్చిందంతా దాని పేరు మీద రిజర్వ్ అయినట్టే. పైగా హీప్ పెద్దదయ్యే కొద్దీ వాడకం అయిపోయిన మెమరీని చెత్తలా ఏరే పని, అదే గార్బేజ్ కలెక్షన్, భారంగా మారే అవకాశం ఉంది. పూర్తి స్థాయి కలెక్షన్ ఒకటి నడిచిందంటే ఆ సేపు మెయిల్‌బాక్స్ సర్వీస్ మొత్తం ఆగుతుంది. యూజర్‌కు మాత్రం "మెయిల్ హ్యాంగ్ అయింది" అనే తెలుస్తుంది. కొత్త వెర్షన్లలో ఈ పని చేసే జీ1 కలెక్టర్ ఉంది కాబట్టి పాత రోజులంత టెన్షన్ లేదు, అయినా అవసరానికి మించి ఇవ్వడం దండగ. నేను 6144 ఎంబీ దగ్గర ఆపాను.

బఫర్ పూల్ విషయంలో మాత్రం పిసినారితనం చూపలేదు, 8 జీబీ ఇచ్చాను. కారణం జింబ్రా నిర్మాణంలోనే ఉంది. ఉత్తరం పూర్తి పాఠం డిస్క్ మీద విడి ఫైల్‌గా ఉంటుంది. కానీ సబ్జెక్ట్, ఏ ఫోల్డర్‌లో ఉంది, చదివారా లేదా వంటి వివరాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. ఎవరైనా ఇన్‌బాక్స్ తెరిచిన ప్రతిసారీ ముందు తట్టేది డేటాబేస్ తలుపునే. పెద్ద ఇన్‌బాక్స్‌ను తేదీల వారీగా వెనక్కి జరుపుకుంటూ పోయేవాళ్లకు ఇక్కడ తేడా తెలుస్తుంది.

మిగతా మెమరీని ఖాళీగా వదిలేశానని మా మేనేజర్‌గారు అడిగారు, "ఇంకా సగం ఉంది కదా, దేనికీ ఇవ్వవా?" అని. అది ఖాళీ కాదు. ఉత్తరాల ఫైళ్లు, సెర్చ్ కోసం లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ కట్టుకునే ఇండెక్సులు వేగంగా చదవాలంటే లైనక్స్ ఫైల్ క్యాష్ ఉండాలి, దానికి చోటు కావాలి. పైగా వైరస్ స్కానర్ క్లామ్ఏవీ వాడే వైరస్ సంతకాలు, అంటే వైరస్‌లను గుర్తుపట్టే నమూనాలు, మెమరీలో ఒక జీబీ పైనే తింటాయి. కొత్త సంతకాలు వచ్చినప్పుడు పాతవాటిని పక్కన ఉంచుకునే కొత్తవి లోడ్ చేసే పద్ధతిలో నడుస్తుంటే, కాసేపు అది రెట్టింపవుతుంది. బొటాబొటీగా పంచేసిన సర్వర్లు స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్క్‌ను వాడుకోవడం) జారేది సరిగ్గా అలాంటప్పుడే. జావా హీప్‌లో కొంత భాగం స్వాప్‌కు వెళ్లిందా, తర్వాతి గార్బేజ్ కలెక్షన్ దాన్ని డిస్క్ నుంచి వెనక్కి లాక్కోవాలి. ఆ నెమ్మది మామూలుగా ఉండదు.

ఎల్‌డాప్‌ను ముట్టుకోలేదు. జింబ్రా 8.0 నుంచి అది వాడే ఎండీబీ అనే స్టోరేజ్ తన డేటాబేస్ ఫైల్‌నే మెమరీలోకి మ్యాప్ చేసుకుంటుంది, విడిగా క్యాష్ సైజులు ఇచ్చే బాధ లేదు. ఉత్తరాలు పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్‌కూ ఏం అక్కర్లేదు. ఉత్తరాలను స్కానింగ్‌కు పంపే అమావిస్ ప్రాసెసుల సంఖ్య డిఫాల్ట్‌గా 10, దాన్నీ అలాగే ఉంచాను. స్కానింగ్ క్యూ పేరుకోనంత వరకు ఆ అంకె పెంచి మెమరీ పోగొట్టుకోవడం ఎందుకు?

నాకు బాగా నచ్చింది, జింబ్రాతో పాటే వచ్చే గణాంకాల సేకరణ. జెడ్‌ఎంస్టాట్ అనే ఫోల్డర్‌లో సీఎస్‌వీ ఫైళ్లు వాటంతటవే పోగవుతుంటాయి. డేటాబేస్ బఫర్ పూల్ హిట్ రేట్ (డిస్క్ దాకా వెళ్లకుండా మెమరీలోనే దొరికిన శాతం), హీప్ వాడకం, సీపీయూ, స్వాప్ అన్నీ అందులో ఉంటాయి. కావాలంటే ఒక్క కమాండ్‌తో చార్టులు గీసుకోవచ్చు. గార్బేజ్ కలెక్షన్‌కు విడిగా ఒక లాగ్ ఉంది. "పెంచాక ఏమైనా మారిందా?" అని ఎవరైనా అడిగితే చేతిలో అంకెలు ఉంటాయి. డబ్బు పెట్టి వేరే మానిటరింగ్ టూల్ కొనక్కర్లేకుండా ఇంత వివరం ఇవ్వడం చిన్న విషయం కాదు. ఒకటే జాగ్రత్త: రీస్టార్ట్ అయిన వెంటనే కనబడే హిట్ రేట్‌ను నమ్మొద్దు. అప్పటికి పూల్ ఖాళీగా ఉంటుంది, నిండడానికి కనీసం ఒక మామూలు పనిదినం గడవనివ్వాలి.

మా దగ్గర పొద్దున్నే అందరూ ఒకేసారి లాగిన్ అయ్యే సమయంలో డిస్క్ రీడ్‌లు స్పష్టంగా తగ్గాయి, స్వాప్ కదలడం లేదు. సెర్చ్ మాత్రం కొద్దిగానే మెరుగైంది. దానికి వేగమైన డిస్క్ కావాలి, ర్యామ్ ఒక్కటీ సరిపోదు.

మెమరీ విషయంలో జింబ్రాకు నా రేటింగ్ ఐదుకు మూడున్నర. లైనక్స్ కమాండ్లు అలవాటు ఉన్నవాళ్లకు ఈ పని ఒక పూట సరిపోతుంది. మౌస్‌తోనే అన్నీ అయిపోవాలనుకునేవాళ్లు పక్కన తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకోండి. హీప్‌కు, డేటాబేస్‌కు రెండింటికీ రీస్టార్ట్ కావాలి కాబట్టి రాత్రి పూట, బ్యాకప్ పూర్తయ్యాక పెట్టుకోండి. మార్చే ముందు డేటాబేస్ సెట్టింగుల ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి, పాత హీప్ విలువ కూడా అందులోనే ఒక లైన్‌గా రాసుకోండి. మార్చాక కొత్త విలువలు కూడా రాసుకుంటే, వెర్షన్ అప్‌గ్రేడ్ చేశాక ఆ రెండూ మీరు పెట్టినట్టే ఉన్నాయో లేదో పోల్చి చూసుకోవచ్చు.