ప్రోవోలో 9 వారాల మాండరిన్: ఒక మిషనరీ శిక్షణపై సమీక్ష

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం తరఫున తైవాన్‌లో 18 నెలలు సేవ చేయాలని పిలుపు అందేనాటికి నాకు చైనీస్‌లో ఒక్క పలకరింపు కూడా సరిగా రాదు. రాజమండ్రిలో పుట్టి, హైస్కూలు వయసులో అమ్మానాన్నలతో యూటా రాష్ట్రానికి వచ్చిన నేను, తెలుగు, ఇంగ్లీషు తప్ప మరో భాషలో ప్రార్థన చేయగలనని ఊహించలేదు. అటువంటి నన్ను యూటాలోని ప్రోవో నగరంలో ఉన్న మిషనరీ శిక్షణ కేంద్రం సిద్ధం చేసిన తీరును, ఆ దారిలో వెళ్లబోయే తెలుగు యువతీయువకుల కోసం రాస్తున్నాను.

బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న ఈ కేంద్రం 1976 నుంచి ఇప్పుడున్న ప్రాంగణంలో నడుస్తోంది. ఇంగ్లీషులోనే సేవ చేసేవారికి రెండు మూడు వారాలు చాలు గాని, మాండరిన్ (తైవాన్‌లో ఎక్కువగా వాడే చైనీస్) వంటి భాష నేర్చుకునేవారికి శిక్షణ సుమారు 9 వారాలు ఉంటుంది. కోవిడ్ తరువాత అందులో తొలి భాగం ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో సాగుతోంది. భాష కోసం విడిగా రుసుము లేదు. అమెరికా నుంచి వెళ్లే యువ మిషనరీలు సేవాకాలమంతా కట్టే నెలసరి మొత్తంలోనే, అంటే 2020 జూలై నుంచి అమలులో ఉన్న 500 డాలర్లలోనే, ఇదీ కలిసి ఉంటుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. పిలుపుకూ శిక్షణకూ మధ్య దొరికిన వ్యవధిలో నేను ఒక ఆన్‌లైన్ సంస్థకు డబ్బు కట్టి చేరాను. టోన్లు, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు, వినగా వినగా వాటంతటవే వస్తాయని నమ్మబలికి, వారు నా చేత వందల మాటలు బట్టీ పట్టించారు. ప్రోవోలో మొదటి పాఠానికే ఆ చదువు పనికిరాదని తేలిపోయింది. నాలుక కొనను వెనక్కి మడిచి ‘చు’ అంటూ గొంతును అడుగుకు దించితే ‘ప్రభువు’ అని అర్థం. అదే ‘చు’ను పైస్థాయిలో కదలకుండా నిలిపితే ‘పంది’ అని అర్థం. ప్రార్థనలో పలికే మాట ఇలా మారిపోతుందని తెలిశాక ఎవరికైనా భయభక్తులు కలుగుతాయి. మా అధ్యాపకులు, తైవాన్‌లో సేవ ముగించుకొని వచ్చిన విద్యార్థులే, ఈ ఒక్క అక్షరం మీద మా చేత ఒక పూట సాధన చేయించారు. ఆ పూట వృథా కాలేదు.

ఈ శిక్షణ ప్రత్యేకత ఏమిటంటే, వ్యాకరణం పూర్తయ్యేదాకా ఆగకుండా మొదటి వారంలోనే ప్రార్థించమంటారు, బోధించమంటారు. అధ్యాపకులలో ఒకరు సువార్త వినదలచిన వ్యక్తిగా కూర్చుంటే, మేము ఇద్దరిద్దరం వెళ్లి, వచ్చిన నాలుగు మాటలతోనే మాట్లాడాలి. తరువాత వీడియో కాల్‌లో చైనీస్ మాతృభాషగా గల స్వచ్ఛంద సేవకులతో మాట్లాడిస్తారు. ఒక సాయంత్రం అలా కలిసిన పెద్దావిడ, కొడుకు ఆరోగ్యం బాగాలేదని చెప్పారు. జబ్బు పేరు నాకు అర్థం కాలేదు. ‘షెన్‌థి’ అంటే శరీరమని మాత్రం తెలుసు. పరలోక తండ్రిని ‘థ్యెన్‌ఫు’ అని సంబోధించి, ఈమె కొడుకును ఆశీర్వదించమని ఒకే వాక్యం అడిగి, ఆమేన్ అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకొని, నేను తప్పుగా పలికిన ‘ఆశీర్వాదం’ అనే మాటను, ‘చుఫు’ అని, రెండుసార్లు నెమ్మదిగా పలికి చూపించారు. ఇక్కడి ‘చు’ మరో టోనులో, పైనుంచి ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఆ తరువాత ఏనాడూ ఆ మాట తప్పలేదు.

తెలుగువారికి ఈ భాషలో ఎంత అనుకూలత ఉందో చెప్పకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. అల్పప్రాణ మహాప్రాణ భేదం, అంటే పకారానికీ ‘ఫలం’లోని ఒత్తు ఫకారానికీ ఉన్న తేడా, మాండరిన్‌కు ప్రాణం వంటిది, నా సహచరి వారాల తరబడి శ్రమపడిన ఆ తేడా నాకు మొదటి రోజే పట్టుబడింది. ‘చాప’లోని దంత్య చకారమూ ‘చిలక’లోని తాలవ్య చకారమూ అక్కడ వేర్వేరు ధ్వనులే. ‘నేను నిన్న చదివిన పుస్తకం’ అనడానికి ‘వో ౘ్వోథ్యెన్ ఖాన్ త షూ’ అంటారు: నేను, నిన్న, చదివిన, పుస్తకం, మాట వెంట మాట మన వరుసే. ‘చదివిన’లో చివరి ‘న’ చేసే పనినే అక్కడ ‘త’ చేస్తుంది. మా సంఘంలో స్త్రీలను పిలిచే సిస్టర్ అనే మాటకు అక్కడ వాడే ‘చ్యేమెయ్’ అనే మాటలో అక్క ఒక అక్షరం, చెల్లి ఒక అక్షరం. ఆ సంగతి విన్న రోజున నాకు ఇంటికి వెళ్లినట్టనిపించింది.

అయితే 9 వారాలు ఎంతవరకు సరిపోతాయో తెలుసుకొనే వెళ్లాలి. ఇంగ్లీషు మాట్లాడేవారు మాండరిన్‌లో ఉద్యోగస్థాయి ప్రావీణ్యం పొందడానికి దాదాపు 2,200 తరగతి గంటలు కావాలని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. రోజుకు 8 గంటలు, వారానికి 6 రోజులు చదివినా 9 వారాలకు 432 గంటలే. ఐదో వంతు కూడా కాదు. కనుక విశ్వాసం, పశ్చాత్తాపం, బాప్తిస్మం గురించి చెప్పగలిగిన నేను, తైవాన్ నగరం తైచుంగ్‌లో బస్సు ఎక్కడ ఆగుతుందో అడగలేకపోయాను. మా సంఘం పవిత్ర గ్రంథాల్లో ఒకటైన, 1965లోనే చైనీస్‌లో వెలువడిన మోర్మన్ గ్రంథంలో ఒక పుట చదవడానికి నాకు మరో ఐదు నెలలు పట్టింది, ఎందుకంటే తైవాన్‌లో వాడేది గీతలు ఎక్కువగా ఉండే సంప్రదాయ లిపి. సంతలో పెద్దలు మాట్లాడేది చాలాసార్లు మాండరిన్ కాదు, తైవానీ అనే అక్కడి మరో భాష. అన్నింటినీ పైపైన తాకించడం కన్నా ప్రార్థనా బోధనా నిండుగా నేర్పడమే సరైన ఎంపిక అని నేను నమ్ముతున్నాను. మనసులో ఉన్నదే నోట పలికేటప్పుడు భాష త్వరగా నిలుస్తుంది.

పిలుపు అందినవారికి నా సలహా ఒక్కటే: బయట డబ్బు కట్టే బదులు, తైవాన్ పిల్లల పుస్తకాల్లో అక్షరాల పక్కన ఉచ్చారణ తెలపడానికి ముద్రించే 37 ‘చుయిన్’ గుర్తులను ముందే నేర్చుకోండి. ‘పో, ఫో, మో’ అంటూ పెదవులతో పలికేవి ముందు, నాలుకతో పలికేవి తరువాత, మన వర్ణమాలలాగే పలికే స్థానాన్ని బట్టి వాటిని పేర్చారు. తెలుగు పలక మీద దిద్దిన చేతికి అవి రెండు వారాల పని.