మేకర్స్ మార్క్: నాలుగేళ్ళు తాగాక

మేకర్స్ మార్క్ అనే ఈ విస్కీ మొదటి సీసా నేను కొన్నది కాదు. అమెరికాలో లూయీవిల్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో టీమ్ వాళ్ళు ఇచ్చారు. మెడ మీద కారిన ఎర్ర మైనం చూసి కత్తి తెచ్చి గీకడం మొదలుపెట్టాను. అక్కడ చిన్న తోక ఉంటుందనీ, పట్టుకుని లాగితే చుట్టూ ఊడొస్తుందనీ రెండో సీసాకి గానీ తెలియలేదు. ఆ రాత్రి హైదరాబాద్ అలవాటు కొద్దీ గ్లాసు నిండా ఐసు, పైన సోడా. ఇంతేనా అనిపించి సీసాని అటకెక్కించాను.

తప్పు నాదే. ఇది బోర్బన్ అనే రకం అమెరికన్ విస్కీ. బోర్బన్ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల మంటతో మాడ్చిన కొత్త ఓక్ పీపాలో నిలవుండాలి. మిగతా వాటాలో చాలామంది రై అనే ధాన్యం వేస్తారు. నాలుక మీద మిరియంలా చురుక్కుమనేది అదే. కెంటకీలో లొరెట్టో ఊళ్ళో తయారయ్యే ఈ మేకర్స్ మార్క్‌లో రై లేదు. 70 శాతం మొక్కజొన్న, 16 గోధుమ, 14 మొలకెత్తించిన బార్లీ. 1950ల్లో దీన్ని మొదలుపెట్టిన బిల్ శామ్యూల్స్ ఈ పాళ్ళు తేల్చుకోవడానికి రకరకాల ధాన్యాలతో రొట్టెలు కాల్చి రుచి చూశాడని కంపెనీ చెప్పుకుంటుంది. గోధుమ తను పెద్దగా మాట్లాడదు, మొక్కజొన్న తీపినీ పీపా వాసననీ ముందుకి తోస్తుంది. అలాంటిదాన్ని సోడాలో ముంచితే ఇంకేం మిగులుతుంది?

ఇప్పుడు 60 ఎంఎల్ పోసి పది నిమిషాలు ముట్టుకోను. స్పిరిట్ ఘాటు తగ్గాక మొదట వచ్చేది అరిసెల పాకం వాసన, సరిగ్గా ఉండ పాకానికి రాబోయే ముందు వచ్చేది. వెనకే వెనిలా, కొత్త చెక్క. గొంతు మండదు, వెచ్చదనం ఛాతీలో కాసేపుండి పోతుంది. ఆ కాసేపే నా ఫిర్యాదు. రెండో పెగ్గులో కొత్తగా ఏమీ దొరకదు.

మా ఆవిడ చేత గ్లాసుల కింద చీటీలు పెట్టించి పరీక్ష కూడా రాశాను. వైల్డ్ టర్కీ 101 అనే ఇంకో బోర్బన్‌ని ముక్కు పెట్టగానే పట్టేశాను. అదేం గొప్ప కాదు, దాంట్లో రై ఉంది, 50.5 శాతం ఆల్కహాల్ కూడా. దీనిలాగే గోధుమ వేసిన లార్సెనీ అనే బోర్బన్ దగ్గర మాత్రం రెండుసార్లు బోల్తాపడ్డాను. ఆవిడ ఇప్పటికీ వదలట్లేదు.

2013లో సరుకు చాలక మేకర్స్ మార్క్‌లో 45 శాతం ఉండే ఆల్కహాల్‌ని 42కి దించుతామని కంపెనీ ప్రకటించింది. తాగేవాళ్ళు గొడవచేస్తే వారం రోజుల్లో వెనక్కి తగ్గింది. మూడు శాతానికి అంత రాద్ధాంతమా అని ఇంట్లో నేనే చేసి చూశాను. 60 ఎంఎల్‌కి 4 ఎంఎల్ నీళ్ళు, టీస్పూను కూడా నిండదు. వాసనలో తేడా పట్టలేకపోయాను. మింగాక ఉండాల్సిన వెచ్చదనం మాత్రం ఇంకా ముందే ఆరిపోయింది. వాళ్ళు గొడవ చేసిందే మంచిదైంది.

చికెన్ వేపుడుతో దండగ, కారం తగిలితే తీపి చచ్చిపోతుంది. వేయించిన పల్లీలు చాలు. సగం ఖాళీ అయిన సీసాని ఆర్నెల్లు ఉంచి చూశాను, పాకం వాసన పోయి చెక్క ఒక్కటే మిగిలింది. తెరిస్తే రెండు మూడు నెలల్లో కానిచ్చేయండి. నాకు 30 డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతోంది, ఆ ధరకి మళ్ళీ మళ్ళీ కొంటున్నాను. స్కాచ్‌లో పొగ వాసన ఇష్టపడే మా తమ్ముడికి పోస్తే ఒక్క గుక్క తాగి, "ఇది దగ్గు మందా అన్నయ్యా?" అన్నాడు. వాడి గ్లాసు కూడా నేనే ఖాళీ చేశాను.