వెనక యాక్సిల్ హౌసింగ్ వెడల్పు తగ్గించాలంటే ఏది మేలు: 9 అంగుళాల ఫోర్డా, ఎక్స్‌ప్లోరర్ 8.8 ఆ?

ఇక్కడ టెక్సస్‌లో మనవాళ్లు ఒకరిద్దరు పాత మస్టాంగ్‌లు కొని గ్యారేజ్‌లో పెట్టుకున్నారు, అందరూ నన్ను అడిగేది ఇదే, తక్కువ ఖర్చులో వెనక యాక్సిల్ వెడల్పు ఎలా తగ్గించాలి అని. నాది 66 మోడల్, ఆరు సిలిండర్ల బండి, వెనక నాలుగు బోల్టుల చిన్న యాక్సిల్ ఉండేది, 302 వి8 ఇంజన్ ఎక్కించాక అది ఆ బలానికి ఆగదని అందరికీ తెలిసిందే.

ముందు ఒక మాట. టైరు ఫెండర్‌కి తగులుతుంది అన్నదొక్కటే సమస్య అయితే హౌసింగ్ (షాఫ్ట్‌లు, గేర్లు లోపల ఉండే ఇనుప గొట్టం) జోలికే పోవద్దు. బ్యాక్‌స్పేసింగ్ (వీల్ బిగించే చోటు నుంచి లోపలి అంచు దాకా దూరం) ఎక్కువున్న వీల్ తీసుకుంటే టైరు లోపలికి జరుగుతుంది, లోపల కమాన్ పట్టీకి తగలకుండా జాగా ఉందో లేదో కొలుచుకుంటే చాలు, పని అయిపోయినట్టే.

అలా కుదరకపోతే అప్పుడు కోత. అందరి కళ్లూ 9 అంగుళాల ఫోర్డ్ యాక్సిల్ మీదే ఉంటాయి (ఆ కొలత లోపలి పెద్ద గేరు వ్యాసం), 1957 నుంచి 1986 దాకా వచ్చింది, గేర్లుండే సెంటర్ సెక్షన్ మొత్తం ముందు నుంచి ఊడొస్తుంది, గేర్లు మార్చడం సుఖం, బలం గురించి చెప్పక్కర్లేదు. కానీ హౌసింగ్ కోయడం పెద్ద పని కాదండీ, షాఫ్ట్ కురచ చెయ్యడమే పని. కంపెనీ షాఫ్ట్‌లు చాలావాటికి స్ప్లైన్లు (కొసన గేరులో కూర్చునే గాడి పళ్లు) దాటగానే ఒళ్లు సన్నబడిపోతుంది, అక్కడ కోస్తే కొత్త స్ప్లైన్లు తియ్యడానికి ఇనుమే మిగలదు. నేను విజయవాడలో ఆటోనగర్ లేత్ షాపులు చూస్తూ పెరిగినవాణ్ణి, ఎంత పనిమంతుడైనా లేని ఇనుముని తేలేడు కదా. అంటే కొలత ఇచ్చి కొత్త జత చేయించుకోవాలి, తుక్కు బండ్ల యార్డులో చవగ్గా దొరికిన యాక్సిల్ కాస్తా అక్కడ ఖరీదైపోతుంది.

ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ వెనక వచ్చే 8.8 అంగుళాల యాక్సిల్‌లో ఈ బాధ లేదు, నేను దీనికే ఓటేస్తా. 1995 నుంచి 2001 లోపు బండి చూడండి, డిస్క్ బ్రేకులు, 31 స్ప్లైన్ల షాఫ్ట్‌లు, 5 బోల్టులు 4.5 అంగుళాల సర్కిల్ మీద, వి8 మస్టాంగ్ వీల్స్ నేరుగా ఎక్కేస్తాయి. కవర్ మీద రేకు ముక్కకి 3ఎల్73 అని ఉంటే లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించేది), వదలొద్దు. 2002 నుంచి నాలుగు తలుపుల ఎక్స్‌ప్లోరర్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ వేరువేరుగా కదిలేది) వచ్చేసింది, అది మనకి పనికిరాదు.

అసలు సంగతేంటంటే దీని పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) మధ్యలో ఉండదు, ప్యాసింజర్ వైపుకి జరిగి ఉంటుంది, అందుకే డ్రైవర్ వైపు షాఫ్ట్ పొడుగు. యార్డులో ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి ప్యాసింజర్ వైపు షాఫ్ట్ ఒకటి తెచ్చుకుని పొడుగు ట్యూబ్‌ని తగ్గిస్తే రెండు వైపులా కంపెనీ షాఫ్ట్‌లే! ఎంత కోయాలో నన్నడగొద్దు, రెండు షాఫ్ట్‌లు నేల మీద పక్కపక్కన పెట్టి కొలవండి, ఆ తేడానే కోత, మూడంగుళాలకి కాస్త తక్కువే వస్తుంది. మొత్తం వెడల్పు 56.5 అంగుళాల దగ్గరికి దిగుతుంది, పినియన్ కూడా మధ్యకి వచ్చేస్తుంది.

డబ్బు మిగిలింది కదా అని ట్యూబ్‌లు సూటిగా ఉన్నాయో లేదో చూసే అలైన్‌మెంట్ బార్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బేరింగ్ సీట్లలో పక్‌లు (మధ్యలో బార్ దూరే గుండ్రటి ఇనుప బిళ్లలు) పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఆ బార్ దూర్చాలి, చేత్తో తిప్పితే నూనె రాసినట్టు తిరగాలి. నేను మొదటిసారి చుట్టూ ఒకేసారి వెల్డ్ లాగించేశా, పొద్దున చూస్తే బార్ బిగుసుకుపోయి సుత్తితో కొట్టినా కదల్లేదు. ట్యూబ్ వెల్డ్ వైపుకి లాక్కుంది. ఎదురు వైపు వేడిచేసి చల్లారనిచ్చి మెల్లగా వెనక్కి తెచ్చేసరికి రెండు ఆదివారాలు పోయాయి. పావు వంతు వెయ్యండి, ఎదురు పావు వెయ్యండి, చెయ్యి పెట్టగలిగేలా చల్లారనివ్వండి, మళ్లీ బార్ తిప్పి చూడండి.

8.8 కి రెండు లోపాలున్నాయి. ట్యూబ్‌లు పోత ఇనుము సెంటర్‌లోకి దిగ్గొట్టి ప్లగ్ వెల్డ్ చేసినవే, గట్టిగా తొక్కితే తిరిగిపోవచ్చు, ముందు వేడిచేసి నికెల్ రాడ్‌తో చుట్టూ వెల్డ్ చేయించాలి. ఇంకోటి సీ-క్లిప్, షాఫ్ట్‌ని లోపలి కొసన పట్టుకునేది అదొక్కటే, షాఫ్ట్ విరిగితే చక్రం బయటికొచ్చే ప్రమాదం ఉంది. స్లిక్ టైర్లేసి (గాళ్లు లేని రేసు టైర్లు) డ్రాగ్ స్ట్రిప్ రేసులకి పోయేవాళ్లైతే ఆగి డబ్బు కూడబెట్టుకుని 9 అంగుళాలదే కట్టించుకోండి. రోడ్డు మీద తిరిగే 302 కైతే 8.8 చాలు.

కమాన్ పట్టీ సీట్లు మాత్రం ముందే పూర్తిగా వెల్డ్ చేయకండి, వెల్డ్ చుక్కలు పెట్టి వదిలెయ్యండి, బండి బరువు చక్రాల మీదకి దింపాక పినియన్ కోణం చూసుకుని అప్పుడు చెయ్యండి.