గుంటూరు ఎండలో ఏడాది వాడిన హెల్మెట్

నేను కొన్నది 1,450 రూపాయల ఫుల్ ఫేస్ హెల్మెట్. కంపెనీ పేరు రాయను. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఆ ధరలో దొరికే చాలా ఐఎస్ఐ హెల్మెట్లకు వర్తిస్తాయి, ఒక్క కంపెనీకి ప్రచారం చేసినట్టు ఉండటం నాకిష్టం లేదు. అరండల్‌పేటలో ఒక షాపులో తీసుకున్నాను. నాది స్కూటీ. నల్లపాడు వైపు నుంచి కొత్తపేట దాకా రోజూ రాకపోకలు. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని, నైట్ డ్యూటీలు కూడా పడతాయి.

షాపుకు వెళ్ళేముందు రోడ్డు పక్కన తాళ్ళకు వేలాడదీసి అమ్మే చోట ఆగాను. అమ్మే కుర్రాడు రెండు రకాలు చూపించాడు. "ఇది రెండొందల యాభై మేడమ్, పోలీసోళ్ళకి సరిపోద్ది. అది తొమ్మిదొందలు" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. వచ్చేవాళ్ళు అలా అడుగుతున్నారు కాబట్టే అలా చెబుతున్నాడు. నేను నిలబడ్డ కాసేపట్లోనే ఒకాయన బండి దిగకుండా "చెకింగ్‌కి పనికొచ్చేది ఒకటి ఇవ్వు" అని డబ్బులిచ్చి, దాన్ని తలకు కాకుండా బండి అద్దానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రెండొందల యాభై దాన్ని చేతిలోకి తీసుకుని లోపల బొటనవేలితో నొక్కి చూశాను. పైన పల్చటి ప్లాస్టిక్ డిప్ప, కింద కాస్త స్పాంజి, దాని మీద నల్లగుడ్డ. అంతే. వేలు నేరుగా డిప్పకే తగిలింది. అసలైన హెల్మెట్‌లో డిప్పకీ గుడ్డకీ మధ్య గట్టి థర్మోకోల్ పొర ఉంటుంది. పడ్డప్పుడు ఆ పొర నలిగి, తలకు తగలాల్సిన దెబ్బను చాలావరకు తను తీసుకుంటుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా మార్చేయాలి, నలిగిన థర్మోకోల్ మళ్ళీ పనిచేయదు. ఆ పొరే లేని డిప్పకి మనం డబ్బులిచ్చి కొంటున్నది కానిస్టేబుల్ చెయ్యెత్తకుండా ఉండటాన్ని మాత్రమే. నిజానికి అదీ దక్కదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అడిగేది ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్‌ను. ఆ డిప్ప పెట్టుకున్నా చట్టం లెక్కలో లేనట్టే.

కొనేటప్పుడు ఐఎస్ఐ స్టిక్కర్ ఒక్కటి చూసి ఊరుకోకండి, స్టిక్కర్ ఎవరైనా అంటిస్తారు. గుర్తు పైన ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు) అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును ఫోన్‌లో బీఐఎస్ కేర్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థది) యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, ఆ లైసెన్సు ఇంకా నడుస్తోందో లేదో చూపిస్తుంది. నేను షాపులో నిలబడే చూశాను, షాపాయన ఏమీ అనుకోలేదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం నేరం. అయినా రోడ్డు పక్కన ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

ఇక సైజు. కనుబొమ్మల పైన టేపు పెట్టి తల చుట్టూ కొలవాలి. నాకు 57 సెంటీమీటర్లు వచ్చింది, 580 సైజు (మిల్లీమీటర్లలో, అంటే 58 సెంటీమీటర్లు) సరిపోయింది. పెట్టుకుని, స్ట్రాప్ బిగించి, గడ్డం దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పితే బుగ్గలు కూడా దాంతో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులున్నట్టు. మొదటి కొన్నాళ్ళు బుగ్గల దగ్గర పట్టేసినట్టు ఉంటుంది, తర్వాత లోపలి మెత్తలు సర్దుకుంటాయి. ఆడవాళ్ళు షాపుకు వెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే జడతోనే వెళ్ళండి. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ వెనక నుంచి పైకి లేస్తుంది, నుదురు బయటపడుతుంది. నేను కొప్పు మానేసి మెడ కిందుగా జడ వేసుకుంటున్నాను. మల్లెపూలు పెట్టుకున్న రోజు దండను జడ మధ్యకు దించి పెడితే నలగవు.

మా వీధి చివర కిరాణా కొట్టు కాటాలో వేయిస్తే 1 కిలో 180 గ్రాములు తూగింది. మెడనొప్పి వస్తుందని భయపడ్డాను, రాలేదు. మే నెలలో మాత్రం కష్టమే. గుంటూరు మధ్యాహ్నం ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే చెవుల పక్క నుంచి చెమట ధారగా కారుతుంది. తలకు పల్చటి నూలు గుడ్డ చుట్టుకుని పైన హెల్మెట్ పెట్టుకుంటే చాలా తేడా తెలిసింది. లోపలి మెత్తలు ఊడివస్తాయి కాబట్టి వారం వారం షాంపూ నీళ్ళలో ఉతికి ఆరేస్తాను. జుట్టు ఊడుతుందని అందరూ అంటారు, నాకైతే ఊడలేదు. చలికాలం తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఊపిరికి అద్దం మసకబారుతుంది, ఒక్క మెట్టు పైకి లేపి ఉంచాలి. రాత్రిళ్ళు బండి నడిపేవాళ్ళు నల్ల అద్దం జోలికి పోవద్దు. నా హెల్మెట్‌లో నచ్చనిది ఒకటుంది. అద్దం పక్కనుండే క్లిప్పు ఆరు నెలలకే వదులైపోయి, కాస్త స్పీడులో దానంతటదే కిందికి జారేది. కొత్త అద్దం వేయించడానికి మళ్ళీ డబ్బులు పెట్టాల్సి వచ్చింది. దానికి ఒక మార్కు తీసేస్తున్నాను. ఐదుకి నాలుగు.

హెల్మెట్ గురించి రాస్తూ పోలీసుల గురించి రాయకుండా ఉండలేను. మన ఊళ్ళో ఈ వస్తువు అమ్ముడుపోయేదే వాళ్ళ పేరు మీద.

మా తమ్ముడు ట్రాఫిక్ కానిస్టేబుల్. ఎక్కడో రాయను. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసరికి కాలర్ లోపలంతా నల్లటి మసి, ముక్కు చీదినా నలుపే. వాడు చెప్పే మాట ఒకటుంది. "అక్కా, వాళ్ళు రోడ్డును చూసి పెట్టుకోరు, నన్ను చూసి పెట్టుకుంటారు. నన్ను దాటగానే తీసేస్తారు." మీరూ చూసే ఉంటారు. లాడ్జి సెంటర్‌లో చెకింగ్ ఉందని తెలిస్తే చాలు, బళ్ళన్నీ బ్రాడీపేట అడ్డరోడ్ల మీదుగా తిరిగిపోతాయి. ఎదురొచ్చేవాళ్ళు లైట్లు ఆర్పి వెలిగించి సైగ చేస్తారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఫలానా చోట ఆపుతున్నారు, అటు వెళ్ళకండి" అని మెసేజ్ పెడితే దండం బొమ్మలు పెట్టి థాంక్స్ చెబుతారు. అదే గ్రూపులో ఫలానా మలుపులో కంకర పడి ఉంది, జాగ్రత్త అని ఒక్కరూ పెట్టరు. నాకు బాధగా ఉంటుంది. పట్టుకుంటే ఫోన్ తీసి "అన్నతో మాట్లాడు" అని చేతికివ్వడం మన దగ్గర మామూలైపోయింది. మా తమ్ముడు ఫోన్ తీసుకోకపోతే "నీకెంత పొగరు" అంటారట. తీసుకుని వదిలేస్తే, పక్కనే నిలబడ్డ మామూలు మనిషి "వాళ్ళకో రూలు, మాకో రూలా" అంటాడు. ఆ రెండోవాడి కోపం న్యాయమైనదే.

జనం కోపంలో న్యాయం చాలా ఉంది, తమ్ముడు పోలీసైనంత మాత్రాన దాన్ని కాదనను. బండి స్పీడులో ఉండగా మలుపు చాటు నుంచి ఒక్కసారిగా ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెడితే బండి జారి పడేది మనమే. తాళం చెవి లాక్కోవడం అవమానంగా ఉంటుంది. డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో లైసెన్సు, ఆర్‌సీ చూపిస్తే చెల్లుతాయని 2018లోనే కేంద్రం నిబంధన మార్చింది, కాగితమే కావాలని పట్టుబట్టడం సరికాదు. అన్నిటికన్నా ముందు, యూనిఫాంలో హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్ళే పోలీసు ఒక్కరు కనిపించినా, ఆ రోజంతా ఎండలో నిలబడి మిగతావాళ్ళు చెప్పింది వృథా. తమ్ముడికి ఈ మాట ముఖం మీదే చెప్పాను. వాడు ఒప్పుకున్నాడు.

జరిమానా సంగతి. 1988 చట్టం ప్రకారం మొదటిసారికి వంద రూపాయల లోపే పోయేది, అందుకే ఎవరూ లెక్కచేయలేదు. 2019లో చట్టం సవరించి వెయ్యి చేశారు, దానితో పాటు మూడు నెలలు లైసెన్సు రద్దు చేయవచ్చు. మన రాష్ట్రంలో 2025 మార్చి నుంచి ఆ వెయ్యి గట్టిగా వసూలవుతోంది. అంతకుముందు 2024లో హైకోర్టు హెల్మెట్ నిబంధన ఎందుకు సరిగా అమలుచేయడం లేదని నిలదీసింది కూడా. వెయ్యంటే కూలీ మనిషికి పెద్ద మొత్తం, ఆ కోపం నాకర్థమవుతుంది. కాని ఒక్క చలానాకు కట్టే డబ్బుకు ఇంకో నాలుగైదు వందలు కలిపితే మంచి హెల్మెట్ వస్తుంది. చలానా వేసిన చోటే, ఐఎస్ఐ హెల్మెట్ బిల్లు తెచ్చి చూపిస్తే కొంత తగ్గిస్తామంటే ఎంత బాగుంటుందో అని నాకు గట్టిగా అనిపిస్తుంది. పోలీసు మీద జనం చూపు కూడా మారుతుంది.

చలానా వచ్చిందంటూ వాట్సాప్‌లో ఫైలు పంపే మోసాలు ఎక్కువయ్యాయి. ఆ ఫైలు తెరిస్తే ఫోన్ వాళ్ళ చేతికి పోతుంది. చలానా ఉందో లేదో చూడాలంటే మీరే ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి చూసుకోండి.

నా ఉద్యోగం వల్ల నాకు కనిపించేది వేరు. రాత్రి ఒంటిగంటకు ఫోన్ వస్తుంది, "ఆర్‌టీఏ కేసు, హెడ్ ఇంజురీ, రెండు యూనిట్లు క్రాస్ మ్యాచ్ చేయండి" అని. ఆర్‌టీఏ అంటే మా భాషలో రోడ్డు ప్రమాదం, క్రాస్ మ్యాచ్ అంటే ఎక్కించబోయే రక్తం ఆ మనిషి రక్తంతో సరిపడుతుందో లేదో చూడటం. శాంపిల్ ట్యూబు పట్టుకుని పరుగున వచ్చేది అన్నో, బావమరిదో, స్నేహితుడో. రక్తం గ్రూపు చూసేలోపు వాళ్ళే చెప్పేస్తారు, "హెల్మెట్ ఇంట్లోనే ఉంది మేడమ్, దగ్గరే కదా అని పెట్టుకోలేదు." ఆ సమయంలో పోలీసును తిట్టేవాళ్ళు నాకు ఎదురుపడలేదు. ఆపి ఉంటే బాగుండేది అన్నవాళ్ళున్నారు. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా బండి ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 50,029 మంది. హెల్మెట్ ఉంటే తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం, చనిపోయే ముప్పు 42 శాతం తగ్గుతాయని పలు దేశాల పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది.

పోలీసంటే ఉన్న భయం ఇంకోచోట ప్రాణం తీస్తుంది. పడ్డవాణ్ణి ఆసుపత్రికి తెస్తే కేసులో ఇరికిస్తారని, స్టేషన్ చుట్టూ తిప్పుతారని జనం చూసీ చూడనట్టు పోతారు. 2016లో సుప్రీంకోర్టు, తర్వాత 2019 సవరణలో 134ఎ సెక్షన్ ఈ విషయం తేల్చేశాయి. సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ సంగతి ప్రతి సెంటర్‌లో బోర్డు మీద రాయించి పెట్టాలి. జరిమానాల పట్టిక పక్కనే పెడితే ఇంకా మంచిది. పోలీసు దండించడానికే కాదు, కాపాడినవాళ్ళ వెనక నిలబడటానికీ ఉన్నాడని జనానికి తెలియాలి.

వెనక కూర్చునేవాళ్ళ సంగతి ఇంకా ఎవరికీ పట్టడం లేదు. నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళకూ హెల్మెట్ తప్పనిసరి. పైన చెప్పిన యాభై వేలలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళే. మా అమ్మ ఏడాదిగా ఒకటే మాట, "వెనక కూర్చునేదాన్ని, నాకెందుకే? పోలీసాయన ఆపితే నిన్నే కదా అడిగేది." నేను చెప్పీ చెప్పీ విసిగిపోయాను. పోయిన వారం మా తమ్ముడు యూనిఫాంలోనే ఇంటికొచ్చి, కూర్చోబెట్టి చెప్పాడు. ఏం చెప్పాడో నాకు చెప్పలేదు. మర్నాడు అమ్మ తనే అడిగింది, షాపుకు ఎప్పుడు తీసుకెళ్తావని.

అమ్మ తల 54 సెంటీమీటర్లు. అంత చిన్న సైజులో ముఖం తెరిచి ఉండే రకం స్టాకు లేదు, తెప్పిస్తానన్నాడు షాపాయన. రెండొందలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాం. రంగు మాత్రం మెరూనే కావాలంది అమ్మ.