పెల్ గ్రాంటా, సబ్సిడైజ్డ్ లోనా?

అమెరికా కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లకు రెంటికీ దరఖాస్తు ఒకటే: ఫాఫ్సా అనే ప్రభుత్వ ఫారం. పెల్ అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం, తిరిగి కట్టక్కర్లేదు. 2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు, తీసుకునే క్రెడిట్లు (కోర్సుల బరువు లెక్క) తగ్గితే అదీ తగ్గుతుంది. అయితే టర్మ్‌లో 60 శాతం గడవకముందే క్లాసులన్నీ మానేస్తే కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

సబ్సిడైజ్డ్ లోన్‌కు ఫుల్‌టైమ్ చదువులో కనీసం సగం లోడు, మామూలుగా 6 క్రెడిట్లు ఉండాలి. మొదటి ఏడాది పరిమితి 3,500 డాలర్లు. చదువుతున్నన్నాళ్లూ వడ్డీ ప్రభుత్వానిదే. 12 క్రెడిట్లు కాస్తా 3కు దిగితే మాత్రం 6 నెలల గడువు మొదలై, ఆపై వాయిదాలు కట్టాలి. కొన్ని కాలేజీలు ఈ లోన్లే ఇవ్వవు, ముందే కనుక్కోండి. పెల్‌తో ఫీజు గట్టెక్కితే లోన్ జోలికి పోకపోవడమే మేలు.

హెచ్-4, ఎఫ్-1 వీసాల మీదున్న మన పిల్లలకు రెండూ రావు. గ్రీన్‌కార్డు ఉంటే అడగొచ్చు.